సమస్యాపూరణం: "ఉత్తరమ్ము కాని దుత్తరమ్ము"

నిర్వాహకుడు:
ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం. విషయం సముద్రపు కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) డెక్ మీద, అంటే దాని పైభాగం మీద, బిగించే కంపాస్. ఉత్తరాన్ని జాబుగానో జవాబుగానో మార్చి తప్పించుకునే దారి ముందే మూసేస్తున్నాను. గణాలు, యతి చూస్తాను. వాటితో పాటు, ఆ పద్యాన్ని నమ్మి పడవ నడిపితే ఒడ్డు చేరతామా లేదా అన్నది కూడా చూస్తాను. సియాటిల్ వైపు తెడ్డు వేసే వాళ్ళకి ఈ గొడవ ఎందుకో చెప్పక్కర్లేదు. ఆగస్టులో ఆ వైపు శాన్ వాన్ దీవుల మధ్య పొగమంచు దిగిందంటే ఎదుటి దీవి చూస్తుండగానే మాయమవుతుంది.

పటంపిచ్చి:

పటము మీది గీత పైకి చూపెడు దిక్కు
సూది చూపు దిక్కు చూడ వేరు
పదియు నైదు డిగ్రి పక్కకు తొలగగా
ఉత్తరమ్ము కాని దుత్తరమ్ము

నిర్వాహకుడు:
గణాలు సరిపోయాయి. "సూది–చూడ" యతి కూడా చెల్లుతుంది. విషయమూ నిజమే. సియాటిల్ దగ్గర అయస్కాంత ఉత్తరం అసలు ఉత్తరానికి సుమారు 15 డిగ్రీలు తూర్పుగా ఉంటుంది. దాన్ని పట్టించుకోకుండా 3 మైళ్ళు పోతే ముప్పావు మైలు పక్కకు తేలతాం, పొగమంచులో అంటే దీవినే దాటిపోవచ్చు. కానీ పటంపిచ్చి గారూ, డెక్ కంపాస్‌లో సూది ఎక్కడిదండి? ద్రవంలో తేలే గుండ్రటి డయల్ ఉంటుంది. అది కదలకుండా నిలబడితే పడవే దాని చుట్టూ తిరుగుతుంది. రెండో పాదం ఇలా మారిస్తే?

బిళ్ళ చూపు దిక్కు వేరు సుమ్ము

బి–వే యతి చెల్లుతుంది.

పటంపిచ్చి:
ఒప్పుకున్నాను. చేతి కంపాస్ అలవాటు. ఇంతకీ విశాఖలో ఈ తేడా ఒక డిగ్రీ లోపే, అక్కడ నేర్చుకుని వచ్చినవాళ్ళకి లెక్క వెయ్యాలనే తోచదు. అసలు లెక్క లేకుండా చెయ్యాలంటే చార్ట్ (సముద్రపు పటం) మీది దిక్కుల చక్రంలో లోపలి వలయం చూసుకోవాలి. అది అయస్కాంత దిక్కులదే, ఆ అంకెనే నేరుగా డెక్ కంపాస్ మీద పట్టుకోవచ్చు.

వనభోజనం:

ముందు గదిని యినుప మూకుడు పెట్టగా
డయలు తిరిగి నిలిచె డాబుగాను
దారి తప్పె పడవ దరి చేరు వేళకు
ఉత్తరమ్ము కాని దుత్తరమ్ము

నిర్వాహకుడు:
బావుంది! యతి కోసం తెచ్చిన "డాబుగాను" అర్థానికి కూడా పనికొచ్చింది. తప్పు చూపే కంపాస్ తడబడదు, ధీమాగా తప్పే చూపిస్తుంది. ప్రాణానికి వచ్చేది అక్కడే. కంపాస్ సాధారణంగా ముందు హ్యాచ్ (మూత ఉన్న సామాన్ల గది) దగ్గరే ఉంటుంది, ఆ హ్యాచ్‌లోనే మనం స్టవ్వు, టిన్నులు, చాకులు కుక్కుతాం. అల్యూమినియం గిన్నెతో ఇబ్బంది లేదు. ఇనుము మాత్రం వెనక హ్యాచ్‌లోకి పోవాలి.

పాతతెడ్డు:
మూకుడు ఒక్కటేనా? పడవల వాళ్ళు మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియో స్పీకర్లో అయస్కాంతం ఉంటుంది. నీళ్ళ గొట్టాన్ని ఛాతీకి అతికించే క్లిప్పుల్లో, కొన్ని ఫోన్ కవర్లలో కూడా ఉంటుంది. బయల్దేరే ముందు ఒడ్డునే ఖాళీ పడవని తెలిసిన గుర్తు వైపు తిప్పి అంకె చూడండి. తర్వాత సామాన్లు ఒక్కొక్కటే పెడుతూ డయల్ కదిలిందేమో చూడండి, దొంగ దొరికిపోతాడు. బిగించే స్క్రూలనీ వదలొద్దు. స్టెయిన్‌లెస్ అని రాసినంత మాత్రాన అయస్కాంతానికి అంటదని కాదు, చిన్న అయస్కాంతం ఆనించి చూస్తే తేలిపోతుంది. ఇత్తడివైతే అసలు బాధ లేదు.

ఇక నా పూరణ:

సాగు తాడు లాగ చక్కని కంపాసు
పక్క కొరిగి నిలిచె పడవ పైన
ముక్కు చూచు వైపు మొగ మది చూడదు
ఉత్తరమ్ము కాని దుత్తరమ్ము

నిర్వాహకుడు:
మూడో పాదానికి చప్పట్లు. కంపాస్ అద్దం మీది గీత పడవ వెన్నుకి సమాంతరంగా లేకపోతే డయల్ నిజం చెప్పినా మనం చదివేది అబద్ధమే. ఒక్క పేచీ. "సాగు తాడు లాగ" అంటే "సాగుతాడు మాదిరిగా" అనుకునే ప్రమాదం ఉంది. "గుంజ" అందామా?

వనభోజనం:
అప్పుడు తాడుని గుంజకి కట్టారనుకుంటారండి 😀 "లాగ" ఉంచెయ్యండి, రెండో పాదం చదివేసరికి తెలుస్తుంది.

నిర్వాహకుడు:
సరే, లాగే తాడే గెలిచింది.

రెండుపడవలు:
పూరణ నాకు రాదు, అభ్యంతరం మాత్రం ఉంది. తాళ్ళతో కట్టే కంపాస్‌ని అంతగా తీసిపారెయ్యకండి. అద్దె పడవలు నడిపేవాళ్ళకి అదే గతి. ఎండలో వదలకుండా ఇంటికి తెచ్చుకోవచ్చు కూడా.

పాతతెడ్డు:
తీసిపారెయ్యలేదండి, వంకర తియ్యమన్నాను. ముందు పిడి నుంచి వెనక పిడికి డెక్ నడిమధ్యగా దారం బిగించి, దాని మీద కంపాస్ గీత కూర్చోబెట్టండి. నాలుగు మూలల తాళ్ళూ సమానంగా బిగిస్తే నిలుస్తుంది. సొంత పడవైతే నా ఓటు బిగించేదానికే. చాలా బ్రిటిష్ కయాక్‌లలో సిల్వా 70పి అనే డెక్ కంపాస్ కూర్చునే గుంట అచ్చులోనే వస్తుంది, తిన్నగా ఉందా అన్న చింతే ఉండదు. పైగా బోల్తా పడ్డవాడి పడవని మన డెక్ మీదికి లాగి నీళ్ళు ఒంపేటప్పుడు, ఎత్తుగా నిలబడ్డ కంపాస్ తగులుకుని ఊడుతుంది. గుంటలోది చాలావరకు బతికిపోతుంది.

కొత్తకెరటం:
మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి.

పోటు నీరు తోసి పక్కకు పోవగా
పడవ నడక వేరు పటము వేరు
చూపు నిలిపి తెడ్డు చురుకుగా వేసినా
ఉత్తరమ్ము కాని దుత్తరమ్ము

నిర్వాహకుడు:
మొదటి పాదంలో యతి తప్పింది. పో, ప హల్లు ఒకటే గానీ అచ్చులు కలవవు. చివరి రెండు మాటలూ అటూ ఇటూ మార్చండి చాలు: "పోటు నీరు తోసి పోవగా పక్కకు". గణాలు చెడవు.

భావం మాత్రం ఈ చర్చలో అందరికన్నా లోతైనది. పై మూడు పూరణల్లో తప్పు మనం దిద్దుకోగలిగేది. ఇక్కడ కంపాస్ తప్పు ఏమీ లేదు. ముక్కు ఎటు ఉందో అది చెబుతుంది, పడవ ఎటు పోతోందో దానికి తెలియదు. తీరం కనిపిస్తే, దూరంగా ముందూ వెనకా ఉన్న రెండు గుర్తులు ఒకే వరసలో ఉంటున్నాయా చూసుకోవాలి. పొగమంచులో ఆ వీలు ఉండదు గనక ప్రవాహం లెక్క బయల్దేరక ముందే కట్టి ముక్కుని ఆ మేరకు ఎగువకి పట్టాలి.

మొదటి స్థానం పాతతెడ్డు గారికి, ఆ మూడో పాదం వల్ల. యతి సరిగ్గా పడి ఉంటే కొత్తకెరటం గారికే ఇచ్చేవాణ్ణి.

కొత్తకెరటం:
ధన్యవాదాలండి. ఒక సందేహం. నాకు చత్వారం వచ్చింది. కంపాస్ ఎంత దూరంలో బిగించాలి?

పాతతెడ్డు:
చత్వారానికి ముందుకి జరపడమే మేలు. తల వంచక్కర్లేదు, కడుపులో తిప్పడం కూడా తగ్గుతుంది. మరీ ముందుకి పోతే అంకెలు చిన్నవైపోతాయి. అందుకని డయల్ సైజులోనే కాగితం మీద అంకెలు రాసి, డెక్ మీద టేపుతో అంటించి, సీట్లో కూర్చుని చదవండి. అంటించే చోటు మారుస్తూ చూడండి, డ్రిల్ తరవాత తియ్యొచ్చు.