గేట్‌వేలో 9 కొట్టి బయటికి పోయే కాల్స్ ఆపడం ఎలా? బిల్లు చూసి తల తిరిగింది

వైట్‌ఫీల్డ్_వాసు:
మా ఆఫీసు వీడియో కాల్స్‌కి ఎక్స్‌ప్రెస్‌వే (సిస్కో కాల్ సర్వర్), దాని వెనక ఐఎస్‌డీఎన్ గేట్‌వే (వీడియో కాల్‌ని ఫోన్ లైనుకి కలిపే డబ్బా), ఒక పీఆర్ఐ (30 చానెళ్ల ఫోన్ లైను), 9 కొడితే బయటి లైను. పోయిన నెల ఒక శనివారం రాత్రి ఎవడో నెట్ నుంచి వచ్చి 900, 900 అని (9 మీద ఐఎస్‌డీ 00) కొట్టి 30 చానెళ్లూ నింపేశాడు, బిల్లొచ్చాక బాస్ నా టేబుల్ మీద పడేశాడు. బయటోళ్లకి 9 ఆగాలి, మనోళ్లకి చెన్నై 044 పోవాలి, 00 ఎండీ రూమ్‌కే. కాల్ పాలసీలో ^9[0-9]+$ (9తో మొదలై చివరిదాకా అంకెలే) రిజెక్ట్ పెట్టినా పోతున్నాయి. ఒక్కో కాల్ 384 కేబీపీఎస్ దాటకుండా కూడా ఎలాగో చెప్పండి.

ఓఎమ్మార్_రాజా:
1720 పోర్టు (హెచ్.323 అనే పాత వీడియో కాల్ పద్ధతిది) మూసెయ్ బ్రో. మాకూ రాత్రి రెండింటికి బోర్డ్‌రూమ్ టీవీ దానంతటదే మోగేది, వాచ్‌మన్ దెయ్యమనుకున్నాడు. నెట్‌లో తెరిచున్న పోర్టులు వెతికే స్కానర్లు అవి.

జయనగర్_పద్మ:
1720 మూస్తే క్లయింట్ల హెచ్.323 కాల్స్ మీ వాచ్‌మన్ ఎత్తుతాడా? వాడు 5060 పోర్టులో సిప్ (ఇంకో కాల్ పద్ధతి) మీద వస్తే ఏం చేస్తారు?

ఓఎమ్మార్_రాజా:
మేడమ్, ఇంకా హెచ్.323 వాడే క్లయింటా, మ్యూజియమా?

జయనగర్_పద్మ:
ఆ మ్యూజియమే నాకు జీతమిస్తోంది. నోరు జాగ్రత్త.

పాత_గేట్‌కీపర్:
కొట్టుకోకండి. ఆరు 64 కేబీపీఎస్ చానెళ్లు కలిపితే 384, కోరమంగళలో ఆ కేబుళ్లు నా చేత్తో లాగాను, అప్పుడు మీరు స్కూల్లో ఉండుంటారు. వాసూ, సిప్‌లో నంబరు వెనక @, డొమైన్ తగిలించి వస్తుంది. నువ్వు $ దగ్గర ఆపేస్తే ఎలా మ్యాచ్ అవుద్ది? ^9[0-9]+(@.*)?$ పెట్టు. కాలర్ పేరు చూసి ఆపకు, వాడు నీ డొమైన్ పేరే పెట్టుకొస్తాడు, సోర్స్ డిఫాల్ట్ జోన్ (తెలియనోళ్లు వచ్చే దారి) అను. రూల్స్ పైనుంచి కిందికి, మొదట తగిలిందే లెక్క.

హైదరాబాదీ_ఇన్_చెన్నై:
గది సరే అన్నా, చెన్నై కాల్ ఐపీ మీద పోయి ఆడ లోకల్ లైన్ల దిగుతుందా? గట్లయితే టోల్ బైపాస్ (ఎస్టీడీ చార్జీ తప్పించుడు), కథ వేరే ఉంటది.

ఓఎమ్మార్_రాజా:
2021లో ఓఎస్పీ (కాల్ సెంటర్ల లాంటివాటి) రూల్స్ సడలించారుగా.

హైదరాబాదీ_ఇన్_చెన్నై:
సడలిచ్చింది రిజిస్ట్రేషన్ గిట్ల. ఎస్టీడీ ఎగ్గొట్టుడు గాదు. సదివి రా.

ఓఎమ్మార్_రాజా:
అందరూ లాయర్లే ఇక్కడ.

జయనగర్_పద్మ:
ఆ అబ్బాయి అడిగింది ఎవరైనా చూశారా?

వైట్‌ఫీల్డ్_వాసు:
గురువు గారూ పనిచేసింది, 900 పోవట్లేదు! కానీ బయటి క్లయింట్లు మా మీటింగ్ రూమ్ 9014కి కూడా రాలేకపోతున్నారు, ఎండీ రెండుసార్లు ఫోన్ చేశాడు.

పాత_గేట్‌కీపర్:
బయటి లైనూ 9, రూమూ 9. ఆ నంబర్లు ఇచ్చిన మహానుభావుడెవరు?

వైట్‌ఫీల్డ్_వాసు:
నేనే అండి.