డిగ్రీలో ఫిలాసఫీ చదివించాలా?

గుంటూరు తండ్రి:
మా అమ్మాయికి ఇంటర్ అయిపోయింది. బీఏలో ఫిలాసఫీ ఉన్న గ్రూపే కావాలని పట్టుబడుతోంది. సివిల్స్‌లో ఆప్షనల్‌గా తీసుకోవచ్చు, 2013 నుంచి 250 మార్కుల ఎథిక్స్ పేపరు కూడా ఉంది అంటుంది. సివిల్స్ రాకపోతే ఏంటి గతి? మీరేమంటారు?

బెంగళూరు ఇంజినీరు:
వద్దండీ. ఇష్టముంటే ఇంట్లో చదువుకోవచ్చు, పుస్తకాలు, వీడియోలు బోలెడున్నాయి. రాధాకృష్ణన్ గారు కూడా బంధువు ఒకరు తన పుస్తకాలు ఇచ్చారనే ఫిలాసఫీలో చేరారట. అప్పుడు బీఏ అంటే విలువ వేరు.

ఫిలాసఫీ లెక్చరర్:
సివిల్స్ మాట పక్కన పెట్టండి. ఎథిక్స్ పేపరు ఏ డిగ్రీ వాళ్ళయినా రాస్తారు, దానికోసం మూడేళ్ళు అక్కర్లేదు. నా పేచీ అంతా "ఇంట్లో చదువుకోవచ్చు" అన్న మాటతోనే. ఇంట్లో చదివితే సిద్ధాంతాలు తెలుస్తాయి. కానీ మన వాదనలో లోపం మనకు కనబడదు. ఎదురుగా ఒకరు కూర్చుని "నీ హేతువేది?" అని నిలదీయాలి.

మన తెలుగువాడే, అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఉంది. తర్కం నేర్పే ఎంతో చిన్న పుస్తకం. అందులో చెప్పిన ఐదు హేత్వాభాసాల్లో, అంటే కారణంలా కనిపించే తప్పుడు కారణాల్లో, మొదటిది సవ్యభిచారం: నిరూపించాల్సింది లేనిచోట కూడా ఉండే కారణం. "కొండ మీద నిప్పుంది, ఎందుకంటే కొండ తెలుసుకోదగ్గ వస్తువు." చెరువూ తెలుసుకోదగ్గదే, అక్కడ నిప్పు లేదుగా! పిల్లలు నవ్వుకుంటూ రాసుకుంటారు. ఆ వెంటనే "ఈ మందు వాడాక మామయ్యకు జలుబు తగ్గింది, కాబట్టి మందు పనిచేసింది" అంటే సగం క్లాసు తలూపుతుంది. మందు వాడనివాళ్ళకూ వారంలో తగ్గుతుంది కదా సార్ అని ఒకరు లేచేదాకా ఆగుతాను. ఆ మాట నేనే చెప్పేస్తే క్లాసు వృథా.

మాజీ విద్యార్థిని:
మీ క్లాసు అలా ఉంటుందేమో సార్. నేను చదివిన కాలేజీలో శంకర, రామానుజ, మధ్వుల మధ్య భేదాలు డిక్టేట్ చేసి రాయించారు. ముగ్గురి భాష్యాల్లో ఒక్క పేజీ కూడా చూడకుండా పాసయ్యాను. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళ చేతిలో ఇంగ్లిష్ నోట్సు పెట్టి బట్టీ పట్టమన్నారు. అలాంటి చదువుకు ఫిలాసఫీ అనే పేరు కూడా దండగే.

ఫిలాసఫీ లెక్చరర్:
కాదనలేనమ్మా. ప్రశ్నపత్రం "వివరించుము" దగ్గరే ఆగినంతకాలం నోట్సుదే రాజ్యం. జగత్తు భేదాలతో కనబడటానికి మూలమని శంకరుల అద్వైతం చెప్పే అజ్ఞానం ఉంది కదా, అదే అవిద్య. దాని మీద రామానుజులు ఏడు అనుపపత్తులు, అంటే పొసగని విషయాలు, చూపించారు. అందులో ఒక్కటి ఇచ్చి, అద్వైతి పక్షాన నిలబడి జవాబు రాయమంటే చాలు. అది ఏ గైడులోనూ దొరకదు.

బెంగళూరు ఇంజినీరు:
తర్కం మాకు ప్రోగ్రామింగ్‌లోనూ వస్తుంది కదండీ.

ఫిలాసఫీ లెక్చరర్:
ప్రోగ్రామ్ తప్పయితే చాలాసార్లు కంప్యూటరే చెబుతుంది. పోలవరం కింద ఊరు పోగొట్టుకున్నవాళ్ళకు ఎంత పరిహారం ఇస్తే న్యాయం? డబ్బుతో తీరేదెంత, తీరనిదెంత? అక్కడ ఎర్రర్ చూపించే యంత్రం లేదు. లాయరు, ఆఫీసరు, జర్నలిస్టు రోజూ ఇలాంటివే తేల్చాలి.

గుంటూరు తండ్రి:
ఉద్యోగం సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఫిలాసఫీ లెక్చరర్:
ఫిలాసఫీ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఉద్యోగాలు తక్కువండీ, దాచను. పక్కన ఎకనామిక్స్ ఉన్న గ్రూపు చూడండి, తర్వాత లా వైపు దారి ఉంటుంది. చేర్చేముందు కాలేజీకి వెళ్ళి పాత ప్రశ్నపత్రాలు అడగండి. ఒక్క మూలగ్రంథమైనా క్లాసులో చదివిస్తారా అని కూడా అడగండి. లేదంటే ఆ కాలేజీ వద్దు, వేరేది చూడండి.