చేపలు పట్టే ట్రాలర్ సబ్‌మెరైన్‌ని ఎలా వేటాడింది?

మాధవి_కేరీ:
పోయిన వారం పిల్లలతో నార్త్ కరోలినాలోని ఓక్రాకోక్ దీవికి వెళ్లాం. అక్కడ చెట్ల నీడలో చిన్న కంచె, లోపల నాలుగు సమాధులు, పైన బ్రిటిష్ జెండా. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 మేలో మునిగిన ‘బెడ్‌ఫర్డ్‌షైర్’ అనే ఓడ వాళ్లవట. ఇంటికొచ్చి చదివితే అది ఇంగ్లండ్‌లోని గ్రిమ్స్‌బీ రేవు నుంచి చేపలు పట్టిన ట్రాలర్ అని తెలిసింది. "చేపల పడవ సబ్‌మెరైన్‌ని ఎలా పడుతుందమ్మా?" అని మా పెద్దాడు అడిగితే చెప్పలేకపోయాను. అసలు ఇంగ్లండ్ పడవ ఇంత దూరం ఎందుకొచ్చింది?

పాత_డ్రైవర్_విశాఖ:
అమ్మా, నేను విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఇరవై రెండేళ్లు ట్రాలర్ల మీద ఇంజిన్ డ్రైవర్‌గా చేశాను. బాబుకి ఇలా చెప్పండి.

బరువైన వలని గంటల తరబడి లాగాలి, ఎంత పోటు సముద్రమైనా తట్టుకోవాలి. ట్రాలర్‌ని కట్టేదే అందుకు. యుద్ధంలో బ్రిటిష్ నేవీకి కావలసిందీ అదే. వల, దాన్ని లాగే వించి తీసేసి ముందు డెక్కు మీద ఫిరంగి, వెనక డెప్త్ చార్జీలు (నీళ్లలో అనుకున్న లోతుకి దిగి పేలే బాంబులు) పెట్టారు. అడుగున ఆస్డిక్ అనే పరికరం అమర్చారు. మా ఎకో సౌండర్ కిందికి శబ్దం పంపి లోతు చెప్తుంది. ఆస్డిక్ పక్కలకి పంపి, తిరిగొచ్చిన చప్పుడుని బట్టి సబ్‌మెరైన్ ఎటుందో, ఎంత దూరంలో ఉందో చెప్పేది. కానీ బాగా దగ్గరికి వెళ్లేసరికి ఆ చప్పుడు అందదు. ఆ చివరి దూరం లెక్క మీదే వెళ్లి డెప్త్ చార్జీలు జారవిడవాలి.

ఉన్న చేపల పడవలు చాలక నేవీ అదే తీరులో కొత్తవి కట్టించింది. వాటిలో పెద్ద తరగతి ఐల్స్ క్లాస్, మొత్తం 145. అన్నిటికీ దీవుల పేర్లే. పొడవు 164 అడుగులు, 850 హార్స్‌పవర్ ఆవిరి ఇంజిన్, వేగం 12 నాట్లు (గంటకి సుమారు 22 కిలోమీటర్లు). నీటి పైన యూ-బోటు, అంటే జర్మన్ సబ్‌మెరైన్, 17 నాట్లు పోతుంది. అది పైకి తేలి పరిగెడితే వీళ్లకి అందదు. ఇంకో గండం కూడా ఉంది. డెప్త్ చార్జిని తక్కువ లోతులో పేలేలా పెడితే, నెమ్మది పడవ తగినంత దూరం జరగకముందే పేలి సొంత వెనక భాగాన్నే దెబ్బతీయొచ్చు. ఆ సమయంలో ఇంజిన్ గదిలో ఉన్నవాళ్ల గురించే నాకు ఎక్కువ ఆలోచన వస్తుంది. పైన ఏం జరుగుతోందో వాళ్లకి కనబడదు. గంట మోగితే ఆవిరి పెంచడం, అంతే.

అందుకని ముంచడం ఒక్కటే వీళ్ల పని అనుకోకండి. ట్రాలర్ దగ్గర్లో తిరుగుతుంటే యూ-బోటు నీళ్లలోకి దిగాలి. దిగితే దాని వేగం పడిపోతుంది, సరుకు ఓడలు దాటిపోతాయి.

1942 మొదట్లో అమెరికా తీరంలో ఊళ్ల దీపాలు ఆర్పలేదు. ఆ వెలుగులో ఓడలు నల్లగా కనబడి వరసగా మునిగాయి. కాపలా ఓడలు చాలక అమెరికా ఇబ్బంది పడుతుంటే బ్రిటన్ 24 ట్రాలర్లని మనుషులతో సహా పంపింది. బెడ్‌ఫర్డ్‌షైర్ అందులో ఒకటి. యూ-558 అనే యూ-బోటు టార్పెడో తగిలి మునిగింది. ఆ రోజు పడవలో ఉన్నవాళ్లలో ఒక్కరూ మిగల్లేదు.

మాజీ_నేవీ_కాకినాడ:
డ్రైవర్ గారికి నమస్కారం. గెలిచిన కథ కూడా బాబుకి చెప్పండి మాధవి గారూ. 1940 జూన్‌లో అరేబియా దక్షిణ తీరంలోని ఏడెన్ దగ్గర మూన్‌స్టోన్ అనే బ్రిటిష్ ట్రాలర్ తనకంటే పెద్దదైన ఇటలీ సబ్‌మెరైన్ గెలీలియో గెలీలీని డెప్త్ చార్జీలతో పైకి తేల్చి, ఫిరంగితో కొట్టి లొంగదీసుకుంది. దాన్ని ముంచకుండా ఏడెన్ రేవుకి తెచ్చారు. మన దగ్గరా ఇలాంటి ట్రాలర్లు కట్టారు, బాసెట్ తరగతివి. వాటికి ఊళ్ల పేర్లు పెట్టారు. దేశ విభజనప్పుడు కలకత్తా, కొచ్చిన్, అమృత్‌సర్, నాసిక్ అనే ట్రాలర్లు మనకొచ్చాయి. రాంపూర్, బరోడా అనేవి పాకిస్తాన్‌కి వెళ్లాయి.

మాధవి_కేరీ:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. మావాడికి చదివి వినిపించాను. నాలుగు రాళ్లలో రెండింటి మీద పేర్లు ఎందుకు లేవని అడుగుతున్నాడు.

పాత_డ్రైవర్_విశాఖ:
సముద్రం ఒడ్డుకి చేర్చేసరికి వాళ్లెవరో గుర్తుపట్టలేకపోయారమ్మా. అయినా ఆ ఊళ్లో ఒక కుటుంబం తమ శ్మశానం పక్కనే జాగా ఇచ్చింది. ఏటా మేలో అక్కడ వాళ్లకి వందనం చేస్తారు. వీలైతే వచ్చే మేలో బాబుని తీసుకెళ్లండి.