సరదాగా సైకిల్ తొక్కేవారికి మీటరు అవసరమా?

చర్చ ప్రారంభించినవారు:
మూడేళ్లపాటు హ్యాండిల్ మీద దూరం, వేగం చూపే మీటరు పెట్టుకుని సైకిల్ తొక్కి, ఆరు నెలల కిందట దాన్ని విప్పి సొరుగులో పడేశాను. పోటీలకు సిద్ధమయ్యేవారి సంగతి వేరు గాని, కేవలం సంతోషం కోసం తొక్కేవారికి ఆ అంకెల వల్ల మేలు కన్నా చెరుపే ఎక్కువని నా అభిప్రాయం. ఇంటి ముందుకు వచ్చేసరికి మీటరు 19.4 కిలోమీటర్లు చూపిస్తే, 20 నిండడం కోసం అదే వీధిని రెండుసార్లు చుట్టిన రోజులు నాకు చాలా ఉన్నాయి, ఆ రెండు చుట్లలోనూ నేను చూసింది ఆ చివరి అంకెను మాత్రమే.

పైగా సగటు వేగం మన శ్రమను సరిగా చెప్పదు. 6 కిలోమీటర్ల ఎత్తును గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కి, అదే దారిలో 30తో దిగితే సగటు 20 వస్తుందనుకుంటాం. కానీ ఎక్కడానికి 36 నిమిషాలు, దిగడానికి 12 నిమిషాలు పడతాయి కనుక వచ్చేది 15 మాత్రమే. గాలి విషయం ఇంకా కఠినం: వేగం రెట్టింపైతే, గాలిని చీల్చుకుపోవడానికి క్షణక్షణం వెచ్చించాల్సిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఈ లెక్కలు తెలిసి కూడా, సగటు పడిపోతుందన్న భయంతో నేను ఎత్తుపల్లాల దారులన్నీ మానేసి, చదునైన ఒకే రోడ్డుకు అతుక్కుపోయాను.

మొదటి స్పందన:
మీ అనుభవాన్ని కాదనను గాని, నేరం మీటరుది అనడం సరికాదు. ఇది ఫోన్లతో వచ్చిన అలవాటు కాదు, చక్రం చుట్లను లెక్కించి దూరం చెప్పే సైక్లోమీటరును కర్టిస్ వీడర్ 1895 నాటికే తయారు చేశాడు. మోకాలి శస్త్రచికిత్స తరువాత నేను 2 కిలోమీటర్లతో మొదలుపెట్టాను. వారం వారం ఆ అంకె పెరుగుతుంటే, నొప్పి తగ్గుతోందని నాకు నేను చెప్పుకొన్న ధైర్యం కన్నా అదే నన్ను ఎక్కువగా నడిపించింది. పైగా దూరం తెలియకపోతే చైన్ ఎప్పుడు మార్చాలో ఎలా తెలుస్తుంది?

చర్చ ప్రారంభించినవారు:
కోలుకుంటున్నవారికి కొలత అండగా నిలుస్తుందన్న మాట నిజం, దాన్ని ఒప్పుకుంటున్నాను. చైన్ విషయంలో మాత్రం ఏకీభవించలేను. దుమ్మును బట్టి, వానను బట్టి, నూనె వేసే శ్రద్ధను బట్టి అరుగుదల మారుతుంది కాబట్టి, కిలోమీటర్ల కన్నా స్కేలే నమ్మకమైనది. కొత్త చైన్‌లో ఒక పిన్ను మధ్య నుంచి కొలిస్తే సరిగ్గా 12 అంగుళాల దగ్గర మరో పిన్ను మధ్యభాగం ఉంటుంది, చైన్ సాగి అది ఆ 12 అంగుళాల గీతను అంగుళంలో 16వ వంతు దాటితే చైన్ మార్చే వేళ అయినట్టే.

రెండవ స్పందన:
నేను 200 కిలోమీటర్ల బ్రెవేలు, అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ యాత్రలు, తొక్కుతాను. అందులో 13 గంటల 30 నిమిషాల గడువు తప్ప ర్యాంకులు ఉండవు, దానికి నాకు చేతి గడియారం చాలు. అయినా నా సూచన మధ్యేమార్గం: ఫోన్‌లో నమోదు కానిచ్చి, దాన్ని సంచిలోనే ఉంచి, ఇంటికి వచ్చాక చూసుకోవచ్చు కదా?

చర్చ ప్రారంభించినవారు:
అదీ చేసి చూశానండీ. ఒకరోజు వంతెన మీద ఆగి, కింద నీళ్లలో కొంగ ఒకటి కదలకుండా నిలబడి ఉంటే చూస్తున్నాను. అది చేపను పట్టేదాకా ఉందామనుకున్నాను, కానీ సంచిలో సమయం నడుస్తోందన్న ధ్యాస వదలక, అది మెడ వంచకముందే పెడల్ మీద కాలు పెట్టేశాను. అందుకే నెల రోజులైనా పూర్తిగా తీసేసి చూడమంటాను, నచ్చకపోతే తిరిగి బిగించుకోవడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.