వార్డు వాట్సాప్ గ్రూపులో పోలీసులు: మూసేయాలా, పద్ధతి మార్చాలా?

ప్రశ్న (భీమవరం నుంచి):
మా వార్డులో నివాసులు, పోలీసులు కలిసి ఉన్న వాట్సాప్ గ్రూపు రెండేళ్లుగా నడుస్తోంది. మొదట్లో దానివల్ల మేలే జరిగింది. స్టేషను గడప తొక్కడానికి జంకే ఆడవాళ్లు సైతం సందు చివర తాగి గొడవ చేసేవారి గురించి అందులో రాసేవారు, బీటు కానిస్టేబులు వెంటనే వచ్చేవారు. పోయిన నెలలో ఒకరు, రొయ్యల చెరువుల మీద పనికి ఒడిశా నుంచి వచ్చిన ముగ్గురు కుర్రాళ్ల ఫొటోను "అనుమానంగా ఉంది" అన్న ఒక్క ముక్కతో గ్రూపులో పెట్టారు. చెరువు యజమాని వచ్చి చెప్పేదాకా, అంటే పొద్దుగూకే వరకు, వారిని స్టేషనులో కూర్చోబెట్టారు. వారి తప్పేమీ లేదని తేలినా ఆ ఫొటో ఇంకా ఊరంతా తిరుగుతూనే ఉంది. ఈ గ్రూపును ఏం చేయాలి?

జవాబు (విశ్రాంత ఏఎస్సై, నరసాపురం):
మూసేయవద్దని నా మనవి. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని ఫోన్లలో పుకార్లు లేచి, తెలుగు రాష్ట్రాల్లో దారిన పోయే అమాయకులను జనం కొట్టిన రోజుల్లో, మేము ఆటోకు మైకు కట్టుకొని ఊరూరా తిరిగి చెప్పవలసి వచ్చింది. ఆ జులైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఫార్వర్డులను ఒకేసారి 5 చాట్లకు పరిమితం చేసింది. అయినా జనం చివరకు నమ్మింది తమకు ముఖపరిచయం ఉన్న కానిస్టేబులు మాటనే. మనుషుల ఫొటోలు గ్రూపులో పెట్టకుండా నేరుగా స్టేషను నంబరుకే పంపాలన్న నియమం పెట్టండి. ఆ నంబరు ఎస్సై సొంతది కాకూడదు. ఆయన బదిలీతో పరిచయమంతా వెళ్లిపోతుంది.

జవాబు (న్యాయవాది, రాజమహేంద్రవరం):
గ్రూపులో రాసినంత మాత్రాన ఫిర్యాదు ఇచ్చేశామని చాలామంది అనుకుంటున్నారు, అది పొరపాటు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ పద్ధతిలో సమాచారం పంపవచ్చు గాని, 3 రోజుల్లో సంతకం చేస్తేనే అది నమోదవుతుంది. పోలీసులకూ హద్దు ఉంది: హాజరు కమ్మని ఇచ్చే నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ కుర్రాళ్లను ఒక ఫొటో ఆధారంగా పొద్దుగూకే వరకు కూర్చోబెట్టడాన్ని చిన్న పొరపాటుగా చూడవద్దు. ఏ అధికారంతో ఉంచారో రాతపూర్వకంగా అడగండి.

జవాబు (అమలాపురం నుంచి):
2022 మే 24 నాటి అల్లర్ల తర్వాత మా కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటినుంచి కంప్యూటరు పని చేసుకునే మా తమ్ముడు సిగ్నలు కోసం గౌతమి గట్టు మీదికి వెళ్లి కూర్చునేవాడు. పుకార్లను ఆపాలంటే అది తప్పదేమోనని అప్పుడు మాకూ అనిపించింది, కాని అధికారులు చెప్పే నిజం కూడా ఆ ఫోనుల్లోంచే రావాలి కదా! ఏ వీధిలో తిరగవచ్చో చెప్పేవారు లేక బియ్యం తెచ్చుకోవడానికి కూడా భయపడ్డాం. అందుకే, ఫోను పనిచేయని రోజున ఎవరి గుమ్మానికి వెళ్లి అడగాలో మీ వార్డులో ఇప్పుడే అనుకోండి. సచివాలయంలోని మహిళా పోలీసు ఇంటింటికీ తెలిసిన మనిషైతే మంచిది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ముగ్గురిలో ఇద్దరు ఊరు విడిచి వెళ్లిపోయారని నిన్ననే తెలిసింది. మూడో అబ్బాయి ఇక్కడే ఉన్నాడు గనుక, ఫొటో పెట్టినవారే దాన్ని తీసివేసి, తాము పొరబడ్డామని అదే గ్రూపులో రాయాలని ముందుగా అడుగుతాను. స్టేషనుకు ఇవ్వవలసిన అర్జీని ఆ తర్వాత రాస్తాను. న్యాయవాది గారు దాన్ని ఒకసారి చూసి పెట్టగలరా?