గడ్డి వెంటా, గడ్డి వెంటీ?

తెనాలి:
మేడమీద తొట్టిలో నిమ్మగడ్డి దుబ్బు ఏపుగా పెరిగి నలువైపులా వాలిపోయింది. ఎండిన ఆకులు గుప్పెడు తీసి, మెలిపెట్టి, దుబ్బు నడుముకి చుట్టి కట్టాను. అప్పట్నుంచీ వేమన పాదం ఒకటి వదలడం లేదు. "గడ్డి వెంటబెట్టి కట్టరా యేనుంగు". నాకు నోటికొచ్చింది ఇలాగే. కానీ గడ్డిని ఏనుగు వెంట పెట్టడం ఏమిటి? అర్థం కుదరట్లేదు. పైపాదాలు ఐకమత్యం బలం గురించినవి, అందరికీ వచ్చినవే కాబట్టి రాయడం లేదు.

ఖమ్మం:
అది "వెంటి" అండీ. వరిగడ్డితో పేనే తాడు. మా ఊళ్ళో "యెంటి" అంటారు. మోపు కట్టేముందు గడ్డి తడిపి పేనేవాళ్ళు, పొడిగడ్డి మెలిపెడితే పుటుక్కుమంటుంది. మీరు కట్టింది కూడా వెంటే. అక్షరం పోయింది గానీ వస్తువు మీ తొట్టిలోనే ఉంది.

ఛందోభిమాని, విజయనగరం:
తొందరపడకండి. "వెంట" అయినా "వెంటి" అయినా గలమే, గురువు తర్వాత లఘువు. గడ్డి, వెంట, బెట్టి మూడూ హగణాలు, అంటే గలాలే. కట్టరా రగణం, యేనుంగు తగణం. పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ యతి గ-క సరిపోయింది. ఈ పద్యం ఛందస్సు ఆటవెలదికి రెండూ ఒకటే, గణాలు సాక్ష్యం చెప్పవు. "ఏనుగు" అన్నా భగణమే, దానికీ అభ్యంతరం లేదు.

కడప:
గణాలు చెప్పకపోతే సంధి చెబుతుంది కదా మాస్టారూ. "పెట్టి" ఎందుకు "బెట్టి" అయింది? ముందున్న మాట చివర ద్రుతం, అంటే నకారం, ఉండాలి. వెంటిన్ + పెట్టి, వెంటిఁ బెట్టి. ద్వితీయా విభక్తి, వెంటిని అని. తేలిపోయింది.

ఛందోభిమాని, విజయనగరం:
తేలలేదు. "వెంట" కూడా ద్రుతాంతమే, "వెంటనే" ఎలా వచ్చిందనుకున్నారు? ప కాస్తా బ అయ్యే ఈ సరళాదేశం రెండు పాఠాలకీ సమానం.

కడప:
ఒప్పుకుంటాను. కానీ ఆ ద్రుతానికి గుర్తుగా మిగిలే అరసున్నని (ఁ) అచ్చులో ఎగరగొట్టి మనం ఎంత పోగొట్టుకున్నామో చూడండి. పోతనగారి "కరిఁ దిగుచు మకరి సరసికి, గరి దరికిని మకరిఁ దిగుచు" తీసుకోండి. మొదట లాగేది మొసలి, తర్వాత లాగేది ఏనుగు. కరి పక్కన ఒకసారి, మకరి పక్కన ఒకసారి, ఆ రెండు అరసున్నలే తగువు తీరుస్తున్నాయి. అవి తీసేసి చదవండి, ఎవరు ఎవరిని లాగుతున్నారో వెతుక్కోవాలి. నాకు ఆ కందం చదివినప్పుడల్లా నీళ్ళు కదులుతున్నట్టే ఉంటుంది.

డాలస్:
ఆహా. "గరికి మకరి మకరికి గరి" దగ్గర మా నాన్నగారు ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివేవారు. భాగవతం మొత్తంలో శబ్దం ఇంత పనిచేసిన చోటు ఇంకోటి చూపించండి.

ఛందోభిమాని, విజయనగరం:
"అల వైకుంఠపురంబులో" ఉండగానా? సరే, దానికి వేరే చర్చ పెట్టుకుందాం.

ఖమ్మం:
వేమన దగ్గరికి రండి. తాటాకు మీద గుడి చిన్న గీత. గంటం కాస్త తేలితే "టి" కాస్తా "ట" అయిపోతుంది. తర్వాత రాసినవాళ్ళు దాన్నే దించుకున్నారు. నా నమ్మకం ఇదే.

కాకినాడ:
అసలు వేమనదేనా అని నా అనుమానం. హితోపదేశంలో "తృణైర్గుణత్వమాపన్నైర్బధ్యంతే మత్తదంతినః" ఉందిగా. గుణం అంటే తాడు. గడ్డి తాడైతేనే ఏనుగుని కట్టేది. ఖమ్మం వారి వెంటికి సంస్కృతం నుంచి బలం దొరికినట్టే. కానీ "ఐకమత్యమొక్క టావశ్యకం బెప్డు" అనే ఎత్తుగడ బడిపుస్తకం మాటలా ఉంది, వేమన గొంతు కాదు.

డాలస్:
అందరూ "వెంట" మీదే పడ్డారు. "కట్టరా" సంగతేమిటి? కట్టు + రా అని శిష్యుడికి చెప్పడమా, లోకంలో కట్టరా ఏమిటి అని అడగడమా? నేను చిన్నప్పట్నుంచీ ప్రశ్నగానే చదివాను. ప్రశ్న అయితేనే పద్యానికి బిగువు.

కడప:
విధి, అంటే ఆజ్ఞ. "వినుర" ఉన్న పద్యంలో "కట్టరా" కూడా పిలుపే అవుతుంది.

డాలస్:
అవ్వాలనేముంది? తర్వాతి పాదం మకుటం, అన్ని పద్యాల్లోనూ ఉండేదే. దాన్నిబట్టి దీని అర్థం ఎలా తేలుస్తారు?

మొక్కలామె, రాజమండ్రి:
తెనాలి గారూ, నిమ్మగడ్డికి కట్టు అక్కర్లేదండీ. వాలిందంటే కోతకి వచ్చిందని. మొదట్నుంచి జానెడు వదిలి పైన కోసెయ్యండి, మళ్ళీ నిటారుగా లేస్తుంది. అంచులు చెయ్యి కోస్తాయి, పాతగుడ్డ చుట్టుకోండి. దుబ్బు కట్టేస్తే మధ్యలో గాలాడక తేమ నిలిచి, ఆకుమీద తుప్పురంగు మచ్చలొస్తాయి. తొట్టి నిండిపోతే దుబ్బు తీసి, వేళ్ళతో సహా పిలకలు విడదీసి వేరే తొట్లలో నాటండి. మన ఇళ్ళల్లో ఇది పూత పూసి గింజ కట్టడం అరుదు, పిలకే విత్తనం. నీళ్ళు నిలవకుండా, ఎండ తగిలేలా చూస్తే చాలు.

తెనాలి:
ఈ సాయంత్రమే కోస్తానమ్మా, కట్టు విప్పేశాను. కడప గారూ, వెంటిఁ అని అరసున్నతో అచ్చైన పాత ప్రతి మీ దగ్గరుంటే ఆ పుట ఫొటో పెట్టండి.

ఛందోభిమాని, విజయనగరం:
పెడితే మకుటం దాకా పెట్టండి. బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలు అచ్చువేయించినప్పుడు ఇది అందులో చేరిందా లేదా అన్నది కూడా చూడాలి. అప్పటిదాకా నేను "వెంట" వైపే.