సమస్యాపూరణం: పేరు గలదు గాని యూరు లేదు

సమస్య: "పేరు గలదు గాని యూరు లేదు" (ఆటవెలది నాలుగో పాదం, ‘పేరు–యూరు’ ప్రాసయతి)

వస్తువు: ఇంటి కంప్యూటరులో పదేపదే వచ్చే డీఎన్‌ఎస్ గడువు దాటిందనే హెచ్చరిక. డీఎన్‌ఎస్ అంటే వెబ్‌సైటు పేరుకు అంకెల చిరునామా చెప్పే వ్యవస్థ. విండోస్ చిట్టాలో 1014 సంఖ్యతో నమోదయ్యేది ఇదే. ఫలానా పేరుకు చిరునామా అడిగితే ఏ సర్వరూ బదులివ్వలేదని దాని అర్థం. పద్యం గణాల్లో ఎంత సరిగా ఉండాలో విషయంలోనూ అంత సరిగా ఉండాలి.

మొదటి పూరణ, కాకినాడ నుంచి:

పాత జాబులన్ని పారవేసితి గాని
కొత్త జాబు రాదు గుమ్మమునకు
తలుపు తట్టి తట్టి తపియించె యంత్రము
పేరు గలదు గాని యూరు లేదు

విమర్శ: ధార బాగుంది. అయితే ‘గాని’ రెండుసార్లు పడి సమస్య పదును తగ్గింది. విషయానికి వస్తే, డీఎన్‌ఎస్ క్యాష్ (యంత్రం దాచుకున్న పాత జవాబులు, పద్యంలోని ‘పాత జాబులు’) తుడిస్తే పాతబడిన చిరునామాలు పోతాయి, అంతే. ఇక్కడి జబ్బు బదులే రాకపోవడం. తుడిచాక యంత్రం అన్నీ మళ్లీ అడగాల్సి వస్తుంది కూడా.

రెండో పూరణ, వరంగల్లు నుంచి:

ఇంటి పెట్టె యలసి యేమియు బదులీదు
బయట నడుగ వెంటఁ బలుకు వచ్చె
నడుమ నున్న వాని నమ్మిన ఫలమిది
పేరు గలదు గాని యూరు లేదు

విమర్శ: అమ్మా, అభినందనలు. రోగ నిర్ణయమంతా రెండో పాదంలో ఉంది. చాలా ఇళ్లలో కంప్యూటరు ప్రశ్న మొదట 192.168.1.1 వంటి రౌటర్ (పద్యంలోని ‘ఇంటి పెట్టె’) చిరునామాకు వెళ్తుంది; రౌటర్ పైనున్న డీఎన్‌ఎస్ సర్వర్లను అడిగి జవాబు తెస్తుంది. ప్రశ్న మామూలుగా యూడీపీ అనే పంపే పద్ధతిలో, 53వ పోర్టుకు (డీఎన్‌ఎస్‌కు కేటాయించిన ద్వారం) పోతుంది. అందినట్టు రసీదు ఉండదు కనుక ఎక్కడ ఆగిందో కంప్యూటరుకు తెలియదు. అందుకే ఎన్‌ఎస్‌లుకప్ (పేరుకు చిరునామా అడిగే nslookup) ఆదేశంతో ఒకే పేరును రౌటరునూ అడగాలి, నేరుగా గూగుల్ వారి డీఎన్‌ఎస్ సర్వరు 8.8.8.8నూ అడగాలి. హెచ్చరికలు పడుతున్న వేళలోనే అడగాలి. రౌటర్ ఒక్కటే మౌనంగా ఉంటే దాన్ని ఆపి మళ్లీ వెలిగించడం, దాని సాఫ్ట్‌వేర్ తాజా చేయడం, కంప్యూటరులో వేరే డీఎన్‌ఎస్ చిరునామా పెట్టడం వరుసగా చేయవచ్చు. రెండూ పలకకపోతే వైఫైనో లైనునో చూడాలి.

మూడో పూరణ, డల్లాస్ నుంచి:

నిదుర లేచి పిలుచు నెలవుల నన్నింటి
గాలి దారి యింకఁ గలియకుండ
చిన్న జాప్యమైనఁ జిట్టాకు నెక్కించు
పేరు గలదు గాని యూరు లేదు

విమర్శ: వైఫైని ‘గాలి దారి’ అనడం ముచ్చటగా ఉంది. ‘చిన్న–జిట్టా’ యతి నిర్దుష్టం. కంప్యూటర్ నిద్ర లేచిన క్షణాల్లోనే హెచ్చరిక పడి, ఆ తర్వాత అంతా సవ్యంగా నడిస్తే దాన్ని వదిలేయవచ్చు. చిట్టాలో నిద్ర లేచిన సమయాన్నీ హెచ్చరిక సమయాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. పని మధ్యలో పడేవాటికి మాత్రం వరంగల్లు వారి పద్యమే మందు.

కాకినాడ వారి సవరణ: "అయ్యా, మొదటి పాదాన్ని ‘పాత జాబులన్ని పారవేసిన నేమి’ అని మార్చాను."

విమర్శ: యతి చెడలేదు, పునరుక్తి పోయింది, విషయమూ నిజమైంది. స్వీకరించాం.